మాస్టారూ, మా రిపోర్టులు ఏవి? – ఉద్దానంలో పరిశోధనలు చేసే వారికి బహిరంగ లేఖ

ఉద్దానం గ్రామాలకు కిడ్నీ జబ్బు మీద పరిశోధనకు వచ్చే వైద్యులకు, శాస్త్రవేత్తలకు, ఆ పరిశోధనలకు అనుమతులిచ్చే ఎథిక్స్ కమిటీల సభ్యులకు,

నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ముప్పై ఏళ్లకు పైగా బడిపంతులుగా పనిచేసి రిటైరైన వాడిని. మీరు చేస్తున్న పని విలువ నాకు తెలుసు. మా గోడు ఎవరికీ పట్టని రోజుల్లో ఎండలో పడి మా ఊళ్లకు వచ్చారు. అందుకు కృతజ్ఞతలు. ఇక విషయానికి వస్తాను.

మా ఊరి బడిలో మూడో తరగతి గదిలో ఇప్పటికి మూడు సార్లు రక్తం తీశారు. మూడు సార్లూ మూడు వేర్వేరు బృందాలు. తాళం తీయించింది, బెంచీలు గోడకు జరిపించింది, మంచినీళ్ల బిందె పెట్టించింది నేనే. అంతకంటే పెద్ద పని ఇంకొకటి చేశాను. వెనకాడుతున్న వారి ఇళ్లకు వెళ్లి, "సూది పోటే కదా, మన రోగమేమిటో తేలుతుంది, రండి" అని ఒప్పించాను. కూలి మానుకుని వచ్చారు. చేతులు చాచారు. సీసాల్లో మూత్రం పట్టి ఇచ్చారు. పెరటి బోరు నీళ్లు కూడా తెచ్చి ఇచ్చారు. ఒక బృందం గోళ్లు, వెంట్రుకలు కూడా కత్తిరించి పొట్లాలు కట్టుకుని వెళ్లింది. ఏళ్లు గడిచాయి. మూడు బృందాల నుంచీ ఒక్క కాగితం మా ఊరికి తిరిగి రాలేదు.

అడగకుండా నిందిస్తున్నానని అనుకోకండి. మొదటి బృందం ఇచ్చిన చిరునామాకు రెండు ఉత్తరాలు రాశాను, రెండోది రిజిస్టరు పోస్టులో. అందినట్టు సంతకంతో కార్డు వచ్చింది, జవాబు రాలేదు. రెండో బృందం రాసిచ్చిన ఫోను నంబరు పనిచేయడం లేదు. మూడో బృందంలోని కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. "ప్రాజెక్టు అయిపోయింది మాస్టారూ, నేనిప్పుడు వేరే చోట చేస్తున్నాను" అన్నాడు. అతనిని తప్పుపట్టి లాభం లేదు. కానీ బడి నుంచి రిటైరైనా ఊరి వాళ్ల ప్రశ్న నుంచి నేను రిటైర్ కాలేకపోయాను. టీ కొట్టు దగ్గర, గుడి దగ్గర, చివరికి చావు ఇంట్లో కూడా నన్నే అడుగుతారు: "మాస్టారూ, మా రిపోర్టులు ఏవి?" వాళ్లు నమ్మింది మీ డిగ్రీలను కాదు, నా మాటను. అందుకే ఈ ఉత్తరం అందరి ముందూ రాయవలసి వచ్చింది.

మా ప్రాంతం తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండిన సముద్ర తీర ప్రాంతం మాది. ఉద్యానం అన్న మాటే వాడుకలో ఉద్దానం అయిందని పెద్దలు చెబుతారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటలను నేలకూల్చిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. కిడ్నీ జబ్బు అలా ఒక్క రాత్రిలో వచ్చి పోయేది కాదు. పాతికేళ్లుగా ఇల్లిల్లూ తిరుగుతోంది. చక్కెర వ్యాధి, రక్తపోటు ఉన్న వారికి కిడ్నీలు పాడవుతాయని అందరికీ తెలుసు. మా దగ్గర అవి రెండూ లేని వారికి, పొలంలో ఎండలో పనిచేసే వారికి, నడి వయసులోనే వస్తోంది. 2019, 2020 సంవత్సరాల్లో అచ్చయిన రెండు అధ్యయనాలు మా ప్రాంతపు పెద్దల్లో దాదాపు అయిదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు ఉందని తేల్చాయి. మొదటి దానిలో రోగం బయటపడిన వారిలో నూటికి 70 మందికి పైగా ఇందాక చెప్పిన మామూలు కారణాలేవీ కనిపించలేదు. ఆ అధ్యయనాలు చేసిన వారి వల్లనే మా బాధకు ఒక లెక్క దొరికింది. మా ఊరికి వచ్చిన బృందాలు వేరు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోని వరి రైతులకు, ఎల్ సాల్వడార్, నికరాగువాల చెరకు కూలీలకు కూడా ఇలాంటి జబ్బే వస్తోందని చదివాను. ఎండదెబ్బ, ఒంట్లో నీరు తగ్గడం, పురుగుమందులు, నీటిలోని సిలికా, భార లోహాలు, నొప్పి మాత్రలు, వంశ లక్షణాలు, ఇలా అనుమానితుల జాబితా పెద్దదే. ఇదే కారణమని ఏ ఒక్కదాని మీదా ఇంకా వేలు పెట్టలేకపోతున్నారు.

కారణం తేలనందుకు మేము మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. తేలినంత వరకూ చెప్పనందుకు తప్పుపడుతున్నాం. దాని వల్ల ఊళ్లో ఏం జరుగుతోందో చెబుతాను.

1. మొదటిది ప్రాణానికి సంబంధించింది. కిడ్నీ చాలా భాగం పాడయ్యే దాకా నొప్పి ఉండదు, వాపు ఉండదు. అంతవరకూ రోగాన్ని పట్టిచ్చేవి రక్త, మూత్ర పరీక్షల్లోని అంకెలే. కిడ్నీలు వడకట్టి బయటికి పంపవలసిన ఒక వ్యర్థం రక్తంలో ఎంత మిగిలిందో చెప్పేది క్రియాటినిన్ అంకె. మా ఊళ్లో చదువురాని వారు కూడా "క్రియాటినిన్ ఎంత?" అని అడుగుతారు. అయితే ఆ అంకె ఎంత మోసకారిదో వారికి ఎవరూ చెప్పలేదు. అరవై ఏళ్ల స్త్రీకి క్రియాటినిన్ 1.3 ఉంటే చూసేవారికి కొంచెమే ఎక్కువ అనిపిస్తుంది. వయసు, లింగం కలిపి మీ సూత్రం ప్రకారం లెక్క కడితే ఆమె కిడ్నీల వడపోత సామర్థ్యం 47 దగ్గరకు పడిపోయినట్టు. 60 కంటే తగ్గితేనే జబ్బును అనుమానించాలి. మూడో తరగతి గదిలో రక్తం ఇచ్చిన వారిలో నా దూరపు బంధువు ఒకాయన ఉన్నారు. కొబ్బరి చెట్లెక్కే మనిషి. ఒళ్లునొప్పులకు ఆర్ఎంపీ ఇచ్చే మాత్రలు రోజూ మింగేవారు. ఆ మాత్రలు కిడ్నీకి చేటని మీకు తెలుసు. రక్తం ఇచ్చిన రెండేళ్ల తరువాత వాంతులతో ఆసుపత్రికి తీసుకెళితే నేరుగా డయాలసిస్ అన్నారు. రెండేళ్ల కిందటి ఆయన క్రియాటినిన్ ఎంతో మీ రిజిస్టరులో ఉంది. ఆయనకు తప్ప దాన్ని చూసిన వారందరికీ తెలుసు. ఆ రోజే చెప్పి ఉంటే జబ్బు ఆగిపోయేదని నేను అనను. మాత్రలైనా మానేవారు, ఎండలో పనైనా తగ్గించుకునేవారు, కొన్నేళ్లయినా వెనక్కి నెట్టేవారేమో.

డయాలసిస్ అంటే వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు యంత్రం పక్కన. వెళ్లి రావడానికి పూట, తోడు వచ్చే మనిషి కూలి, ఆటో కిరాయి. ఆ దశకు వచ్చిన వారికి ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. సంతోషమే. దానికి ముందు దశలో కావలసింది ఒక చిన్న చీటీ మీద ఒక అంకె. దానికి ఏ పథకమూ అక్కరలేదు.

2. తెలియని చోటును పుకారు నింపుతుంది. ఒకరు బోరు నీళ్లంటారు, ఒకరు ఎండు చేపలంటారు, ఒకరు జీడి తోటలకు కొట్టే మందులంటారు. రోజు కూలి మీద బతికే ఇంట్లో కూడా టిన్ను నీళ్లు కొంటున్నారు. పసరు మందుల వాడికి వేలు ధారపోసిన వారున్నారు. మా పిల్లలకు సంబంధాలు చూస్తే "ఉద్దానమా?" అని అవతలివారు వెనక్కి తగ్గుతున్నారు. ఇంట్లో ఒకరికి జబ్బు వస్తే మిగతావారు రోజూ కాళ్లు నొక్కి చూసుకుంటూ, వాపు ఉందేమోనని భయపడుతూ బతుకుతారు. పగలు మామూలుగానే ఉంటారు, రాత్రి నిద్రపోరు. డాక్టర్లు దీన్ని ఆందోళన అని రాసుకుంటారు కాబోలు. "నీకు లేదు, నిశ్చింతగా ఉండు" అన్న ఒక్క మాటకు అర్హులైన వారు మా ఊళ్లో వందల్లో ఉన్నారు. అయిదుగురిలో ఒకరికి ఉందంటే నలుగురికి లేదనే కదా. ఆ నలుగురికి కూడా మీరు ఆ మాట చెప్పలేదు.

3. నీళ్ల సంగతి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లను పైపుల్లో ఉద్దానానికి తెచ్చే పథకానికి సుమారు 700 కోట్ల రూపాయలు ఖర్చయింది. 2023 డిసెంబరులో దాన్ని, పలాసలో 200 పడకల ఆసుపత్రిని, కిడ్నీ పరిశోధన కేంద్రాన్ని ప్రారంభించారు. మంచి పని. మరి కొత్త నీళ్ల వల్ల జబ్బు తగ్గుతోందా అని రేపు ఎవరైనా అడిగితే ఏమని చెబుతారు? పాత బోరు నీళ్లు తాగిన రోజుల్లో మా రక్తంలో ఏముందో, ఆ నీళ్లలో ఏముందో మీరు తీసుకెళ్లిన సీసాల్లో ఉంది. వాటి లెక్కలు బయటపెట్టకపోతే పోల్చి చూడడానికి ఆధారమే ఉండదు.

4. నాలుగోది మీకే నష్టం. మూడో శిబిరానికి మొదటి శిబిరంలో సగం మంది కూడా రాలేదు. నాలుగో బృందం వస్తే నేను ఇల్లిల్లూ తిరగను.

మీరు చెప్పే సమాధానాలు నాకు తెలుసు. ఒక్క పరీక్షతో జబ్బు ఉందని తేల్చకూడదంటారు. నిజమే. వడపోత సామర్థ్యం 60 కంటే తక్కువగా ఉండడమో, మూత్రంలో ప్రోటీను పోవడం లాంటి కిడ్నీ దెబ్బతిన్న గుర్తులో మూడు నెలల పాటు ఉంటేనే దీర్ఘకాలిక జబ్బు అనాలన్నది నియమం. అయితే మూడు నెలల తరువాత రెండో పరీక్షకు రమ్మని చెప్పాలి గదా! మొదటి ఫలితం చెప్పకుండా రెండోదానికి ఎవరు వస్తారు? పత్రికలో అచ్చయ్యే దాకా ఫలితాలు బయటికి చెప్పకూడదని ఇంకొకరన్నారు. అచ్చయ్యేది ఊరంతటి లెక్క. నా రక్తంలోని క్రియాటినిన్ నాకు చెప్పడానికి ఏ పత్రికా అడ్డురాదు. పేర్లు తీసేసి నంబర్లు వేశాం కాబట్టి ఎవరిదేదో తెలియదని ఒకరన్నారు. మా ఇంటికి మళ్లీ రావలసి వస్తే మాత్రం ఆ నంబరుతోనే వచ్చారు.

నేను అడుగుతున్నది దయ కాదు. భారత వైద్య పరిశోధన మండలి 2017లో విడుదల చేసిన నైతిక మార్గదర్శకాల్లో 12 సాధారణ సూత్రాలు ఉన్నాయి. స్వచ్ఛంద అంగీకారం, దోపిడీ లేకపోవడం, పారదర్శకత వాటిలో ఉన్నాయి. పరిశోధనలో తేలిన విషయాలను పాల్గొన్న వ్యక్తులకు, సమాజానికి తెలియజేసే ప్రయత్నం చేయాలని అందులోనే ఉంది. మనుషుల మీద చేసే పరిశోధనలకు నైతిక నియమాలు చెప్పే హెల్సింకి ప్రకటనను ప్రపంచ వైద్యుల సంఘం 1964లో చేసింది. దాన్ని 2024 అక్టోబరులో మళ్లీ సవరించారు. పరిశోధనకు లోబడిన వారిని పాత ప్రతుల్లో 'సబ్జెక్టులు' అనేవారు. ఇప్పుడు 'పాల్గొనేవారు' అంటున్నారు. మాట మారింది. మా మూడో తరగతి గది దాకా ఆ మార్పు ఇంకా రాలేదు.

అంగీకార పత్రం మాటా ఎత్తకుండా ఉండలేను. మొదటి శిబిరంలో ఇచ్చిన పత్రం ఇంగ్లీషులో ఉంది. రెండోదాని తెలుగు చదివితే నాకే అర్థం కాలేదు, ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పిన వాడిని. ఎవరికీ నకలు ఇవ్వలేదు. చాలామంది వేలిముద్ర వేశారు, కొందరికి నేను సాక్షి సంతకం పెట్టాను. ఆ సంతకాలు ఇప్పుడు నన్ను బాధిస్తున్నాయి. తెలుగు నేల మీద ఇది మొదటిసారి కూడా కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన ప్రాజెక్టును పార్లమెంటు స్థాయీ సంఘం పరిశీలించి 2013లో నివేదిక ఇచ్చింది. తల్లిదండ్రులు చేయవలసిన సంతకాలు వేల పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు చేసినట్టు అందులో బయటపడింది. టీకా మంచిచెడ్డలు వేరే విషయం, ఆ టీకాను నేడు ప్రపంచమంతా వాడుతున్నారు. అడగవలసిన వారిని అడగకపోవడమే అక్కడి తప్పు.

రక్తం ఎక్కడికి పోయిందన్న ప్రశ్న కూడా చిన్నది కాదు. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయలో ఉండే హవసుపాయి తెగవారు 1990లలో చక్కెర వ్యాధి పరిశోధన అని రక్తం ఇచ్చారు. అదే రక్తాన్ని మానసిక వ్యాధుల మీద, తమ పూర్వీకుల వలసల మీద పరిశోధనలకు కూడా వాడారని తరువాత తెలిసి కోర్టుకు వెళ్లారు. 2010లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ 41 మందికి 7,00,000 డాలర్లు చెల్లించి, మిగిలిన రక్తం నమూనాలను తిరిగి ఇచ్చింది. మా రక్తాన్ని ఎవరైనా అలా వాడుకున్నారని నేను అనడం లేదు. ఏ ఫ్రీజరులో ఉంది, ఎన్నాళ్లు ఉంటుంది, పారబోశారా అన్నది చెప్పమంటున్నాను.

ఈ కింది వాటిని మా ఊరి తరఫున కోరుతున్నాను.

1. ఇప్పటికే తీసుకున్న నమూనాల ఫలితాలు ఎవరివి వారికి అందాలి. మూసిన కవరులో, తెలుగులో, ఏఎన్ఎం చేతుల మీదుగా. పక్కింటివారికి తెలియకూడదు. పెళ్లి కావలసిన పిల్లలున్న ఇళ్లని మరువకండి. కాగితం మీద క్రియాటినిన్‌తో పాటు వడపోత అంకె కూడా ఉండాలి, దాని అర్థం రెండు వాక్యాల్లో ఉండాలి.

2. ఇకపై రక్తం తీసిన 30 రోజుల్లో ఫలితం రావాలి. అంకె బాగోలేని వారికి వారంలోపు ఫోను చేయాలి, మూడు నెలలకు రెండో పరీక్ష ఉచితంగా చేయాలి. ఆ తరువాత ఏ ఆసుపత్రికి, ఏ డాక్టరు దగ్గరకు వెళ్లాలో రాసి ఇవ్వాలి. ఈ ఖర్చును ప్రాజెక్టు బడ్జెట్‌లో మొదటే చూపని దరఖాస్తుకు ఎథిక్స్ కమిటీ అనుమతి ఇవ్వకూడదు.

3. ఊరంతటి ఫలితాన్ని గ్రామసభలో చెప్పాలి, ఒక పేజీ తెలుగులో రాసి సచివాలయం గోడకు అంటించాలి. ఏమీ తేలకపోతే ఏమీ తేలలేదని రాయండి. ఏ అనుమానాన్ని పరీక్షించారు, దేన్ని పక్కన పెట్టారు, దేన్ని ఇంకా వెతుకుతున్నారు అన్నది మాకు చాలా పెద్ద విషయం. ఎండు చేపల తప్పు లేదని తెలిస్తే మా మత్స్యకారుల నెత్తిన ఉన్న నిందైనా దిగుతుంది.

4. అంగీకార పత్రం మా ఊరి ఆశా కార్యకర్త చదివి ఎదుటివారికి చెప్పగలిగే తెలుగులో ఉండాలి, ఒక నకలు మా దగ్గర ఉండాలి. రక్తం ఎక్కడికి వెళుతుందో, ఎన్నేళ్లు దాస్తారో, వేరే పరిశోధనకు వాడితే మళ్లీ అడుగుతారో లేదో అందులో ఉండాలి.

5. ఎథిక్స్ కమిటీలో వైద్యరంగానికి చెందని సాధారణ వ్యక్తి ఒకరు ఉండాలని నియమమే ఉంది. ఉద్దానం మీద పరిశోధన అయితే ఆ కుర్చీలో ఉద్దానం మనిషిని కూర్చోబెట్టండి. డయాలసిస్ చేయించుకుంటున్న వారైతే ఇంకా మంచిది. వారు అడిగే ప్రశ్నలు మీకు తట్టవు.

6. ఏ బృందం ఏ ఊళ్లో ఎవరి దగ్గర ఏం తీసుకుందో ఒక రిజిస్టరు పలాస పరిశోధన కేంద్రంలో ఉంచాలి. "బీడీ తాగుతారా, రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగుతారు?" అని ఒకే ప్రశ్నకు ఒకే మనిషి మూడు సార్లు జవాబు చెప్పారు. మూడో సారికి విసుగొచ్చి నోటికొచ్చింది చెప్పారు. ఆ అంకెల మీద మీరు ఏం తేలుస్తారు?

7. కారణం తేలే దాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల్లో కూలీలకు నీళ్లు, నీడ, మధ్యమధ్య విశ్రాంతి ఏర్పాటు చేశారు. కిడ్నీ దెబ్బతినడం తగ్గిందని అక్కడి అధ్యయనాలు చెబుతున్నాయి. మా జీడి తోటల్లో, ఉపాధి హామీ పనుల దగ్గర వేసవి నెలల్లో అదే చేసి చూడండి, చేసి కొలవండి. నొప్పి మాత్రలు చీటీ లేకుండా అమ్మడం మీద ఒక కన్ను వేయమని సంబంధిత అధికారులకు మీరే రాయండి. పంతులు రాస్తే వినరు, డాక్టరు రాస్తే వింటారు.

వీటిలో మొదటి కోరిక తీరితే మిగతా ఆరింటి గురించి కూర్చుని మాట్లాడుకుందాం. రక్తం ఇచ్చిన వారి పేర్లు, వారు ఇచ్చిన తేదీలు నా నోటుపుస్తకంలో రాసి ఉన్నాయి. మీ నంబర్లతో సరిపోల్చుకోవడానికి పనికొస్తాయి. ఆ జాబితాలో పదకొండు మంది ఇప్పుడు లేరు. వారి కవర్లు కూడా పంపండి, పిల్లలు అడుగుతున్నారు.

మూడో తరగతి గది తాళం చెవి ఇప్పుడు కొత్త హెడ్మాస్టరు గారి దగ్గర ఉంది. మీ నుంచి కవర్లు వచ్చిన రోజు నేనే వెళ్లి అడిగి తీసుకుంటాను.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు